పేరు ఒకటే, మనిషి ఒకరేనా? రైల్వే ఆసుపత్రుల రికార్డులు కలిసే చోట

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినబడటం కొత్త సంగతి కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెల నుంచి వర్క్‌షాపు పనికీ, లైను పనికీ వెళ్లినవారి మనవలు, మునిమనవలు అక్కడే స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా వినబడిన ఊరు కూడా ఇదే.

అక్కడ ఫిట్టరుగా రిటైరైన ఒక పెద్దాయనను ఊహించుకుందాం. ఆయనకు బీపీ, షుగరు ఉన్నాయి. నెలనెలా మందులు ఇచ్చేది ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రి. గుండెకు సంబంధించిన అనుమానం వస్తే కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ కేంద్ర ఆసుపత్రికి పంపుతారు. ఏడాదిలో ఆరు నెలలు విశాఖపట్నంలో కొడుకు దగ్గర ఉంటారు. అక్కడ చూపించుకునే రైల్వే ఆసుపత్రి మరో జోన్‌ది. మూడు చోట్లా మూడు ఫైళ్లు ఉన్నాయి. పెన్సిలిన్ ఆయన ఒంటికి పడదన్న మాట ఆ మూడింటిలో ఒక్కదాని అట్ట మీదే, ఎర్ర సిరాతో రాసి ఉంది.

ఇలాంటి ఫైళ్లను ఒక్కచోటికి చేర్చాలన్నదే భారతీయ రైల్వే ఆసుపత్రి నిర్వహణ సమాచార వ్యవస్థ, అంటే హెచ్‌ఎంఐఎస్, ఉద్దేశం. సీ-డాక్ రూపొందించిన సాఫ్ట్‌వేర్ ఆధారంగా దీన్ని అమలు చేసే పని రైల్‌టెల్ సంస్థ చేపట్టింది. దక్షిణ మధ్య రైల్వేలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, దేశమంతటా 125 వైద్య కేంద్రాలకూ దాదాపు 650 పాలీక్లినిక్‌లకూ విస్తరించాలన్నది ప్రణాళిక. దీనికి జతగా వచ్చింది యూఎంఐడీ కార్డు. పాత పద్ధతిలో ఉద్యోగి పేరు మీద ఒక వైద్య గుర్తింపు పుస్తకం ఉండేది, కుటుంబ సభ్యులంతా అందులోనే ఉండేవారు. ఇప్పుడు భార్యకూ భర్తకూ పిల్లలకూ ఎవరి నంబరు వారిదే.

సాఫ్ట్‌వేర్, సర్వర్లు, కంప్యూటర్లు, సిబ్బందికి శిక్షణ. ఖర్చు వీటిదే ఎక్కువగా కనిపిస్తుంది, వార్తల్లోకి వచ్చేవీ ఇవే. చిక్కంతా మాత్రం ఒక చిన్న ప్రశ్న దగ్గర ఉంది. ఖరగ్‌పూర్ ఫైల్లో ఉన్నవారూ, విశాఖ ఫైల్లో ఉన్నవారూ ఒకే మనిషా?

నంబరు ఇచ్చేశాం కదా, ఇంకేం సమస్య అనిపించవచ్చు. నంబరు ఇచ్చిన రోజు తర్వాత పుట్టే రికార్డులకు ఆ మాట నిజమే. అంతకుముందు పేరుకున్న ల్యాబ్ రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు, ఆసుపత్రుల్లోని పాత చిన్న కంప్యూటర్ ప్రోగ్రాముల్లో ఉన్న వివరాలు ఆ నంబరు కిందికి వాటంతటవే రావు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా పోల్చి చూసి చేర్చాలి.

పేరు దగ్గరే మొదటి తిరకాసు. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది. గొర్లె వెంకటరావు అనే పేరు ఒకచోట జి. వెంకటరావు, ఇంకోచోట వెంకటరావు జి., మరోచోట జి. వి. రావు అవుతుంది. కంప్యూటర్ ఫారంలో ‘చివరి పేరు’ అన్న గడి ఉంటే అందులోకి ‘రావు’ వెళ్లి కూర్చుంటుంది. అది ఇంటిపేరు కాదని ఆ గడికి తెలియదు. ఖరగ్‌పూర్‌లో తరాలు గడిచేసరికి కొన్ని కుటుంబాల్లో ఆడవాళ్ల పేర్ల చివరా రావు చేరింది. ఇక బెంగాలీలో ‘వ’కు విడిగా అక్షరం లేదు కాబట్టి, వెంకట్ ఆ లిపిలో ‘భెంకట్’ అవుతాడు.

ఉచ్చారణ ఒకేలా ఉండే పేర్లను పట్టుకోవడానికి సౌండెక్స్ అనే పాత ఉపాయం ఉంది. రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లో అమెరికాలో దానికి పేటెంట్ పొందాడు. ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చులు వదిలేసి, మిగతా హల్లులను గుంపులవారీగా అంకెలుగా మారుస్తారు. లక్ష్మి అన్న పేరును ‘కెఎస్‌హెచ్’తో రాసినా, ‘ఎక్స్’తో రాసినా వచ్చే కోడ్ ఎల్250. బాగానే ఉంది. కానీ వెంకట్‌కు వి523, భెంకట్‌కు బి523 వస్తాయి. అంకెలు మూడూ కలిశాయి, మొదటి అక్షరం కలవలేదు, కాబట్టి యంత్రం లెక్కలో ఇద్దరు మనుషులు. అమెరికా పేర్ల కోసం తయారైన జల్లెడలో మన పేర్లు జారిపోవడంలో వింత లేదు. వింతేమిటంటే, నూరేళ్లు దాటినా చాలా వ్యవస్థలు ఇంకా దాన్నే వాడుతున్నాయి.

ఇంతకంటే మెరుగైన దారి కెనడాలో దొరికింది. చాక్ రివర్ అణుశక్తి కేంద్రంలో పనిచేసిన జన్యుశాస్త్రజ్ఞుడు హోవర్డ్ న్యూకోంబ్, తరతరాల ఆరోగ్యాన్ని పరిశీలించడానికి పెళ్లి నమోదులనూ పుట్టుకల నమోదులనూ కంప్యూటర్‌తో జతచేసే పద్ధతిని 1959లో ప్రచురించాడు. పదేళ్ల తర్వాత, 1969లో, ఇవాన్ ఫెల్లెగి, అలాన్ సుంటర్ దానికి గణిత పునాది వేశారు.

వారి ఆలోచన సులభంగానే అర్థమవుతుంది. రెండు రికార్డుల్లో ఒక వివరం కలిసిందనుకుందాం. ఇద్దరూ నిజంగా ఒకరే అయితే అది కలిసే అవకాశం ఎంత? వేర్వేరు మనుషులైనా యాదృచ్ఛికంగా కలిసే అవకాశం ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఆ సాక్ష్యం బలం తెలుస్తుంది. ఇద్దరూ పురుషులే అన్న సాక్ష్యానికి బలం సుమారు 2. పుట్టిన తేదీ అలా కాదు. రోగుల వయసులు 55 ఏళ్ల పరిధిలో విస్తరించి ఉంటే అందులో 20,000కు పైగా రోజులున్నాయి. ఒకే మనిషి తేదీ రెండుచోట్లా సరిగ్గా నమోదయ్యే అవకాశం 95 శాతం అనుకుంటే బలం సుమారు 19,000. ఒక్కో వివరం బలాన్ని గుణించుకుంటూ పోతారు. ఫలితం ఒక గీత దాటితే రికార్డులు కలుపుతారు, ఇంకో గీతకు దిగువన ఉంటే విడిగా ఉంచుతారు, మధ్యలో పడ్డవాటిని మనిషి చూడాలి.

రైల్వే పాత సర్వీసు రికార్డుల విషయంలో ఈ లెక్క జాగ్రత్తగా చేయాలి. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసి తేదీ తెలియని ఉద్యోగికి జూలై 1ని, నెల కూడా తెలిస్తే ఆ నెల 16ను పుట్టిన తేదీగా తీసుకోవాలని రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్ చెబుతుంది. పాఠశాల సర్టిఫికెట్ లేకుండా పనిలో చేరిన తరంలో జూలై 1న ‘పుట్టినవారు’ ఎందరో! లెక్క కోసం ప్రతి పదిమందిలో ఒకరికి ఆ తేదీ ఉందనుకుందాం. అప్పుడు ఇద్దరు అపరిచితులకు అదే ఏడు, అదే జూలై 1 ఉండే అవకాశం 550లో ఒకటి. 19,000 ఉన్న బలం కాస్తా 520 దగ్గరికి జారిపోయింది, అంటే సుమారు 36 రెట్లు తగ్గింది. ‘రావు’ కూడా ఇంతే. కోల్‌కతా ఆసుపత్రిలో ఆ మాట కలిస్తే గట్టి సాక్ష్యం కావచ్చు. ఖరగ్‌పూర్ తెలుగు కాలనీలో మగవారిలో మూడోవంతు రావులే అయితే ఆ బలం మూడుకు మించదు. ఊరు మారితే సాక్ష్యం బలం మారుతుంది. దేశమంతటికీ ఒకే పట్టిక పెట్టుకుంటే యంత్రం ఇద్దరు రావులను ధీమాగా ఒకరిని చేసేస్తుంది.

ఇది మనకే పరిమితమైన చిక్కు కాదు. అమెరికాలో హ్యూస్టన్ నగరమున్న హారిస్ కౌంటీ ప్రభుత్వ ఆసుపత్రుల రికార్డుల్లో మరియా గార్సియా అనే పేరుతో 2,488 మంది కనిపించారు. వారిలో 231 మందికి పుట్టిన తేదీ కూడా ఇంకో మరియా గార్సియాతో కలిసింది.

పొరపాటు రెండు రకాలుగా జరుగుతుంది. ఒకే మనిషి రెండు రికార్డులుగా మిగిలిపోవడం ఒకటి. అప్పుడు ఎర్ర సిరా హెచ్చరిక ఒక రికార్డులో ఉండి, డాక్టరు రెండోదాన్ని చూస్తారు. ఇద్దరు మనుషులు ఒకే రికార్డుగా కలిసిపోవడం రెండోది. ఇదే ఎక్కువ ప్రమాదం. ఒకరి బ్లడ్ గ్రూపు, ఇంకొకరి మందులు ఒకే పేజీలో నమ్మదగినట్టు కనిపిస్తాయి, అనుమానం రానివ్వవు. విడిగా ఉన్నవాటిని రేపైనా కలపవచ్చు. కలిసిపోయినవాటిలో ఏ రక్తపరీక్ష ఎవరిదో ఏడాది తర్వాత తేల్చడం దాదాపు అసాధ్యం. సందేహం ఉన్నచోట విడిగా వదిలేయడమే మేలు, డూప్లికేట్ల సంఖ్య చూసి పై అధికారులు ఎంత విసుక్కున్నా సరే.

మనిషి తేలాక మాటలు కలవాలి. ఒక ల్యాబులో ‘ఎఫ్‌బీఎస్’, ఇంకోచోట ‘ఫాస్టింగ్ షుగర్’, మరోచోట ‘గ్లూకోజ్ (ఎఫ్)’ అని రాస్తారు. మూడూ ఒకే పరీక్ష అని యంత్రానికి చెప్పేందుకు లోయింక్ సంకేతాలు, జబ్బుల పేర్లకు స్నోమెడ్ సీటీ ఉన్నాయి. 2013లో వెలువడి 2016లో సవరించిన మన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు వీటినే సూచించాయి. కొలమానమూ చూసుకోవాలి. లీటరుకు 7 మిల్లీమోల్‌ల గ్లూకోజ్ అంటే డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు. కొలమానం రాయకుండా 7 అన్న అంకె ఒక్కటే వెళితే చూసేవారికి గుండె ఆగుతుంది.

పంపిన సమాచారం చేరిందో లేదో కూడా గమనించాలి. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు 2020 అక్టోబరులో స్పోకేన్ నగరంలో కొత్త వ్యవస్థకు మారాయి. గమ్యస్థానం గుర్తించలేని ఆర్డర్లన్నీ ‘తెలియని వరుస’ అనే ఒక మూలకు వెళ్లి పడ్డాయి. అలాంటి మూల ఒకటుందని ఆసుపత్రివారికి తెలియదు. మొదటి కొద్ది నెలల్లోనే 11,000కు పైగా ఆర్డర్లు అక్కడ చిక్కుకున్నాయనీ, 149 మంది రోగులకు హాని జరిగిందనీ ప్రభుత్వ తనిఖీ విభాగం 2022లో తేల్చింది. తెర మీద మాత్రం ఆర్డరు వెళ్లిపోయినట్టే కనిపించింది.

రైల్వేలో ఇంకో మెలిక ఉంది. వైద్యం చేసేదీ, ఉద్యోగం ఇచ్చేదీ ఒకే సంస్థ. లోకో పైలట్‌కు ఏ-1 వైద్య శ్రేణి ఉండాలి, చూపులో తేడా వస్తే బండి దిగాల్సిందే. ఆ పరీక్ష ఫలితం అధికారులకు తెలియడం ప్రయాణికుల భద్రత కోసం. అదే ఉద్యోగి భార్య మానసిక వైద్యానికి వెళ్లిన సంగతి డిపోలో ఎవరికీ తెలియనక్కర్లేదు. ఏ రికార్డును ఎవరు, ఎప్పుడు తెరిచారో నమోదయ్యే ఏర్పాటు వ్యవస్థలో ఉండాలి. ఆ నమోదును ఎవరో ఒకరు నిజంగా చదవాలి కూడా.

చివరికి మధ్యలో మిగిలిన జతలు, అంటే యంత్రం తేల్చలేనివి, ఒక గుమాస్తా బల్ల మీదికి వస్తాయి. ఖరగ్‌పూర్‌లో ఆ పని చేసేవారికి గొర్లె ఇంటిపేరనీ, రావు కాదనీ తెలిస్తే సగం జతలు పూటలో తేలిపోతాయి. తెలియని చోట ఫారంలో ఇంటిపేరుకు వేరే గడి పెట్టాలి. తేదీ సంగతికి వస్తే, మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఎంచుకున్న ఫైర్ ప్రమాణంలో పుట్టిన తేదీ దగ్గర సంవత్సరం ఒక్కటే రాయడానికి వీలుంది. 1948 అని మాత్రమే తెలిస్తే 1948 అనే రాయవచ్చు, జూలై 1 అక్కర్లేదు.