ధ్రువ కాంతుల కోసం గుట్ట ఎక్కిన రాత్రి

తోటి విద్యార్థినులారా! ఈసారి మన గోడ పత్రికకు ధ్రువ కాంతుల పాఠం రాస్తున్నాను. పాఠంతో పాటు నేను చేసిన తప్పు కూడా రాస్తున్నాను.

2024 మే 11. ఎండాకాలం సెలవులు. ఉట్నూరు దగ్గర మా గూడెంలో అందరూ తునికాకు పనిలో ఉన్నారు. ముందు రోజు రాత్రి లడఖ్‌లోని హన్లేలో ఆకాశం ఎర్రగా వెలిగిందని మా కాక ఫోన్‌లో ఫోటో చూపించాడు. "కాకా, ఇవి ధ్రువ కాంతులు. మన దేశం దాకా వచ్చినయి. ఈ రాత్రి మనకు కూడా కనబడుతయి" అని చెప్పాను. మా ఇంట్లో బడికి పోయిన మొదటి దాన్ని నేనే. అందుకే నేను చెప్తే ఎవరూ ఎదురు అడగరు.

నెలవంక గుంకినాక అవ్వ, తమ్ముడు, నేను గుట్ట ఎక్కినం. అవ్వ పొద్దంతా ఆకు తెంపి వచ్చింది. తెల్లారకముందే మళ్లీ పోవాలి. అయినా నా మాట మీద వచ్చింది. చాలాసేపు ఉత్తరం దిక్కే చూస్తూ కూర్చున్నాం. తర్వాత కింద, చెట్ల మీదుగా ఎర్రటి వెలుగు కనిపించింది. "అగో! అదే!" అని నేను అరిచాను. తమ్ముడు ఎగిరి గంతేశాడు. అవ్వ మాత్రం గాలి పీల్చి, "పొగ వాసన వస్తలేదా? అది అడివి కాలుడు" అన్నది. దిగివచ్చి కాకను లేపినం. మొగోళ్లు పచ్చికొమ్మలు పట్టుకొని పోయి మంట ఆర్పారు. మరునాడు తమ్ముడు నాతో మాట్లాడలేదు. గూడెంలో పిల్లలు నవ్వారు.

బడి తెరిచాక ఫిజికల్ సైన్స్ మేడంను అడిగి తెలుసుకున్న విషయాలు ఇవి.

ధ్రువ కాంతులు ఎట్లా వస్తాయి?

సూర్యుని నుండి వెలుగు మనకు సుమారు 8 నిమిషాల్లో వస్తుంది. వెలుగు ఒక్కటే కాదు, విద్యుదావేశం ఉన్న కణాలు కూడా వస్తాయి. సూర్యుని మీద పెద్ద పేలుడు జరిగితే అవి గుంపుగా బయలుదేరి 1 నుండి 3 రోజుల్లో భూమిని చేరతాయి. భూమి ఒక పెద్ద అయస్కాంతం లాంటిది. మేడం అయస్కాంతం మీద కాగితం పెట్టి ఇనుప రజను చల్లారు. రజను రెండు కొసల దగ్గరే ఎక్కువ చేరింది. అట్లాగే కణాలను కూడా భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల వైపు నడిపిస్తుంది. అక్కడ అవి గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లకు తగిలితే వెలుగు పుడుతుంది. అందుకే నార్వేలోని ట్రోమ్సో (69 డిగ్రీల ఉత్తర అక్షాంశం) వంటి ఊళ్లలో ఇవి తరచుగా కనబడతాయి.

హన్లేలో ఎరుపే ఎందుకు?

100 నుండి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ ఆకుపచ్చగా వెలుగుతుంది. 200 కిలోమీటర్ల పైన ఎర్రగా వెలుగుతుంది. మన గూడెం నుండి దూరపు గుట్ట కొన మాత్రమే కనబడుతుంది కదా! అట్లాగే హన్లే నుండి ఉత్తరాన ఎక్కడో ఉన్న కాంతుల పైభాగం మాత్రమే కనబడింది. కింది ఆకుపచ్చ భాగానికి భూమి వంపు అడ్డం వచ్చింది. ఆ మే నెల తుఫాను 2003 తర్వాత వచ్చిన వాటిలో అన్నిటికంటే పెద్దది. కాబట్టే అంత దక్షిణానికి కనబడింది.

మనకెందుకు కనబడలేదు?

హన్లే సుమారు 33 డిగ్రీల మీద, 4,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఉట్నూరు 19 డిగ్రీల మీద ఉంది. అంటే మనం ఇంకా సుమారు 1,500 కిలోమీటర్లు దక్షిణాన ఉన్నాం. "మన దేశం దాకా వచ్చింది" అన్నప్పుడు మన దేశం ఎంత పొడుగో నేను అట్లాసులో చూడలేదు. అదే నా తప్పు.

కానీ ఒక వింత. 1872 ఫిబ్రవరి 4న బొంబాయిలో కూడా ఈ వెలుగు కనబడిందని ఆనాటి వార్తల్లో ఉంది. బొంబాయి కూడా 19 డిగ్రీల మీదే ఉంది! కాబట్టి మనకు రావడం చాలా అరుదు, అసలే రాదని కాదు.

ఇంకొకటి. సుమారు 2,000 ఏళ్ల కింద, రోమ్ చక్రవర్తి తిబేరియస్ కాలంలో, ఆకాశం ఎర్రబడితే ఓస్తియా ఊరు తగలబడుతోందని సైనికులు సాయానికి పరుగెత్తారట. సెనెకా అనే పండితుడు రాశాడు. వాళ్లు ధ్రువ కాంతిని మంట అనుకున్నారు, నేను మంటను ధ్రువ కాంతి అనుకున్నాను.

దసరా సెలవులకు అయస్కాంతం, రజను తీసుకపోయి అవ్వకు, తమ్మునికి చూపించాను. అవ్వ అంతా విని, "ముందుగాల ఇది చూపిస్తే గుట్ట ఎక్కకపోదుం గదా బిడ్డా. అయినా మంట కండ్లబడ్డది, మంచిదే అయింది" అన్నది.

తోటి విద్యార్థినులారా! మన ఇండ్లల్లో మన మాట నమ్మి లేచి వచ్చేవాళ్లు ఉన్నారు. ఒక సంగతి సగమే తెలిస్తే "నాకు సగమే తెలుసు" అని చెప్పండి. సిగ్గు పడవద్దు.

ప్రశ్న: నార్వేలో నడి ఎండాకాలంలో ధ్రువ కాంతులు ఎందుకు కనబడవు? జవాబు తెలిసినవాళ్లు వచ్చే పత్రికకు రాసి ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని