వీడియో గేముల్లో కథానాయకుడు – ఒక పరిశీలన

మన అలంకారశాస్త్రం నాయకుణ్ణి ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధాలుగా విభజించింది. నలుగురిలో ఎవరైనా సరే, వాణ్ణి మలిచేది కవే. చదివేవాడికి అందులో ప్రమేయం లేదు. వీడియో గేము వచ్చాక ఈ ఏర్పాటు మారింది. ఇక్కడ నాయకులు రెండు రకాలు: రచయిత తీర్చి మన చేతికిచ్చినవాడు, ఆడేవాడు తానే మలుచుకునేవాడు.

మొదటి రకానికి 2018లో వచ్చిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ మంచి ఉదాహరణ. అందులో ఆర్థర్ మోర్గన్ దోపిడీ ముఠా మనిషి. బాకీ వసూలుకు వెళ్లి ఒక రోగిష్ఠివాణ్ణి కొడతాడు. వాడినుంచే ఇతనికి క్షయ అంటుకుంటుంది. మనం ఎంత నేర్పుగా ఆడినా ఆ జబ్బు తప్పదు. మిగిలిన రోజులు మంచిగా గడపాలా, చెడ్డగానా అన్నంతవరకే మన ఇష్టం. నాయకుడికంటూ ఒక గతం ఉంది గనకే ఆ పశ్చాత్తాపానికి బరువు వచ్చింది.

రెండో రకం 2007 నాటి ‘మాస్ ఎఫెక్ట్’. షెపర్డ్ ఆడో మగో, ముఖం ఎలా ఉండాలో, పూర్వచరిత్ర ఏమిటో మనమే ఎంచుకుంటాం. పేరూ పెట్టుకోవచ్చు. కాని ఆటలో అందరూ పిలిచేది ఇంటిపేరుతోనే. మనం ఏ పేరు పెడతామో ముందే సంభాషణలు రికార్డు చేసిన నటులకు తెలియదు గదా! స్వేచ్ఛ ఉన్నచోటా హద్దులుంటాయన్నమాట.

ఇక మన ప్రాంతానికి అన్వయించి చూద్దాం. కొల్లేరు మీద ఒక గేము తయారు చేస్తే నాయకుడు ఎవరు కావాలి? సరస్సును ఐదో కాంటూరు వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అందులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. లంక ఊరి జాలరి, ఏలూరులో ఉండి పెట్టుబడి పెట్టిన ఆసామి, చెరువు కాపలా కూలీ – తెగిన గట్టు ఒకటే అయినా ముగ్గురి నష్టం ఒకటి కాదు. మీసం, చొక్కా మాత్రం మార్చుకోనిచ్చి, ఆఫీసుల్లో ముగ్గురికీ ఒకే మర్యాద, ఒకే జవాబు దొరికినట్టు చూపిస్తే ఆ ఆట అబద్ధం చెప్పినట్టే.

దీనికి దారి 2009 నాటి ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ చూపింది. అందులో ఆరు పుట్టుకలున్నాయి. ప్రభువుల ఇంట పుట్టినవాడికి, పేటలో పుట్టినవాడికి కథ వేరుగా మొదలవుతుంది. తర్వాతి కథ చాలామటుకు ఒకటే అయినా, లోకం పలకరించే తీరులో తేడా కనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి నాయకుణ్ణి ఎవరు మలిచారన్నది ముఖ్యం కాదు. వాడి పుట్టుకకు లోకం ఏ విలువ కడుతుందో ఆ కథ దాచకుండా చెప్పిందా లేదా అన్నదే ముఖ్యం. మనలో కంప్యూటర్ చదివేవారున్నారు, తెలుగు చదివేవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే కొల్లేటి కథ అలా చెప్పడం అసాధ్యమేమీ కాదు.