జంటనావపై విహారము

దుంగలను త్రాళ్ళతో కట్టి, వానిపై సముద్రమునకు పోయి చేపలు పట్టు బెస్తవారు కోరమండల తీరమున తరతరములుగా నున్నారు. ఆంధ్రతీరమున దానిని తెప్ప యందురు. తమిళులు కట్టుమరమందురు. ఆంగ్లేయ నావికుడగు విలియం డాంపియర్ 1697లో ప్రకటించిన తన యాత్రాగ్రంథములో ఈ తమిళపదమును పేర్కొనెను. పసిఫిక్ ద్వీపవాసులు పూర్వమునుండియు రెండు పడవలను ప్రక్కప్రక్కన బిగించి సముద్రములు దాటుచుండిరి. కాలక్రమమున అట్టి జంటనావలకు కూడ ‘కాటమరాన్’ అను పేరే స్థిరపడినది.

నేడు విహారయాత్రికులు ఇట్టి నావలను అద్దెకు తీసికొందురు. కరీబియన్ సముద్రమునందలి బ్రిటిష్ వర్జిన్ దీవులు ఇందుకు ప్రసిద్ధములు. అచ్చట దీవులు దగ్గరదగ్గరగా నుండును. తూర్పుగాలి సంవత్సరములో చాలకాలము నిలకడగా వీచును. ఉదయమున ఒక దీవిని విడిచి, సాయంకాలమునకు వేరొక దీవికడ లంగరు దింపవచ్చును.

అట్లు ఆరుగురు మిత్రులు టోర్టోలా దీవిలో ఒక జంటనావను వారము దినములకు తీసికొనిరి. సముద్రానుభవముగల మిత్రుడు నాయకుడయ్యెను. తక్కినవారు వంట, లంగరు, తెరచాపల పనులు పంచుకొనిరి. వర్జిన్ గోర్డా దీవియొడ్డున గుట్టలుగా పడియున్న పెద్ద రాతిగుండ్లను చూచి, వాని నడుమనున్న నీటిలో ఈదులాడిరి.

మరునాటి ఉదయమున అనెగాడా దీవికి బయలుదేరిరి. అది ఉత్తరమున సుమారు 15 మైళ్ళ దూరమున నున్నది. గాలి కుడిప్రక్కనుండి వీచుచుండెను. నావ వేగముగా సాగుచున్నను బల్లమీది గిన్నెలోని తేనీరు తొణకలేదు. గాలివేగము 20 నాట్లకు చేరగానే నాయకుడు తెరచాపను కుదింపుడని చెప్పెను.

“అన్నా! నావ ఇంటి అరుగువలె కదలకున్నది. ఇంత హాయిగా పోవుచుండగా చాప కుదించుట యెందుకు?” అని అందరిలో చిన్నవాడు విసుగుకొనెను.

“తమ్ముడా, అది కదలకపోవుటయే నా భయము. ఒంటిపడవ గాలి మించినచో ఒకప్రక్కకు ఒరిగి మనలను హెచ్చరించును. అడుగున బరువుండుటచే మరల నిలబడును. ఈ నావ వెడల్పైనది. తొందరగా ఒరగదు, కనుక హెచ్చరింపదు. బోర్లపడినచో తనంతట తాను లేవదు. కావున అది చెప్పని మాటను మనమే గాలిని చూచి తెలిసికొనవలెను” అని నాయకుడు బదులు చెప్పెను.

చిన్నవాడు అయిష్టముగనే లేచి త్రాడు పట్టెను. ఇద్దరు కలిసి చాపను సగమువరకు దింపి కట్టిరి. అరగంట గడవకమునుపే తూర్పున నల్లని మేఘము లేచెను. పెనుగాలి, దాని వెంట వాన వచ్చిపడెను. ఎదుట ఏమియు కానరాలేదు. కుదించిన చాపతో నావ నిబ్బరముగా సాగెను. ఆ గాలిలో చాప దింపబూనినచో ఎంత ప్రమాదమో చిన్నవానికి అప్పుడు బోధపడెను.

వాన వెలిసిన పిమ్మట అనెగాడా కనబడెను. స్పానిష్ భాషలో ఆ పేరునకు మునిగినదని అర్థము. దానిలో మిక్కిలి ఎత్తైన తావు 28 అడుగులు మాత్రమే. చుట్టునున్న పగడపుదిబ్బలపై పూర్వము అనేకములైన ఓడలు పగిలినవి. సూర్యుడు నడినెత్తిన నుండుటచే నీటి రంగులు స్పష్టముగా తెలియుచుండెను. ముదురునీలము లోతునకు, లేతపచ్చ మెరకకు, గోధుమవన్నె పగడమునకు గుర్తులు. చిన్నవాడు ముందుభాగమున నిలిచి రంగులు చెప్పుచుండగా, నాయకుడు చుక్కాని త్రిప్పెను. నావ సురక్షితముగా రేవు చేరెను.

తిరుగుప్రయాణమునాడు లంగరు ఎత్తకముందే చిన్నవాడు గాలివేగము చూచి, “అన్నా! చాపను ఇప్పుడే కుదింతుమా?” అని అడిగెను. నాయకుడు చిరునవ్వుతో త్రాడు అతని చేతికిచ్చెను.