పిల్లికో మచ్చ, మనకో మచ్చ: ఇంట్లో చర్మం ఎలా చూడాలి?

ఒక వర్షాకాలం మా ఇంటికి పిల్లికూన వచ్చి చేరింది. చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర బొచ్చు లేదు. ఎక్కడో గీరుకుందిలే అనుకున్నాను. రెండు వారాలు తిరక్కుండానే నా మోచేతి మడతలో గుండ్రంగా ఎర్రటి మచ్చ లేచింది. రెండూ ఒకటే, తామర. అప్పటినుంచి జంతువు ఒంటినీ మన ఒంటినీ ఒకే పూట చూడటం అలవాటు చేసుకున్నాను. జబ్బు పేరు తేల్చేది డాక్టరే. చూసింది చూసినట్టు చెప్పడం మాత్రం మన పని. అదెలాగో కలిసి చేద్దాం.

కావలసినవి

పగటి వెలుతురు, ఫోను, పేల దువ్వెన, తడిపిన తెల్ల టిష్యూ, రూపాయి బిళ్ళ, పల్చటి గాజు గ్లాసు, వాడి పారేసే గ్లవుజులు, చిన్న నోటుబుక్కు. వీటితోపాటు మన పిల్లికో కుక్కకో ఇష్టమైన తిండి నాలుగు ముక్కలు. అవి లేకపోతే మిగతావన్నీ ఉన్నా అది మన దగ్గర కుదురుగా కూర్చోదు.

పద్ధతి

1. ఆడి అలసిపోయిన వేళ చూసి ఒళ్ళో కూర్చోబెట్టుకుందాం. ముందు స్నానం చేయించొద్దు, ఏ పూతా రాయొద్దు. పొట్టూ పెచ్చులూ కొట్టుకుపోతే చూడ్డానికి ఏమీ మిగలదు.

2. ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా వెళ్దాం. వేళ్ళతో బొచ్చును ఎదురు నిమురుతూ అడుగున చర్మం చూడాలి. చెవి అంచులు, చంకలు, వేళ్ళ సందులు, పొట్ట, చివరికి తోక మొదలు. కొత్తవాళ్ళు చాలామంది వీపు చూసి అయిపోయిందనుకుంటారు.

3. దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి టిష్యూ మీద వేసి ఒక నిమిషం ఆగుదాం. చుట్టూ ఎర్రటి గోధుమరంగు చెమ్మ పాకితే అది మట్టి కాదు. రక్తం తాగిన ఫ్లీ పురుగుల మలం. తోక మొదట్లో బొచ్చు ఊడి దురద ఉంటే అనుమానం ముందు వీటి మీదే. పురుగు కంటపడకపోయినా ఈ నలుసు దొరుకుతుంది.

4. కనిపించినదానికి పేరు పెడదాం. ఉబ్బి కాసేపట్లో మాయమైతే దద్దురు. చిన్నగా గట్టిగా లేస్తే పొక్కు. లోపల తెల్లగా ఉంటే చీము పొక్కు. వేలికి లోతుగా తగిలితే గడ్డ. పై చర్మం పోయి చెమ్మగా ఉంటే పుండు. పొట్టు, పెచ్చు ఒకటి కావు: పొట్టు పొడిగా రాలుతుంది, పెచ్చు రసి ఎండి అంటుకుంటుంది. పెచ్చును గోటితో లేపొద్దు.

5. చోటు రాసుకుందాం. కుక్కకు చెవి అంచుల్లో, మోచేతుల దగ్గర పెచ్చులు కట్టి విపరీతంగా గోక్కుంటుంటే గజ్జి కావచ్చు. ఈ గజ్జి తెచ్చే పురుగు మన మీదికీ పాకి దురద పెడుతుంది కానీ, కాపురం మాత్రం ఉండలేదు. కుక్కకు వైద్యం అయితే మనకూ తగ్గుతుంది. మనుషుల గజ్జి వేరు: వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ వచ్చి రాత్రిళ్ళు నిద్రపోనివ్వదు. దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు పూసుకోవాలి.

6. ఇప్పుడు మన వంతు. చీలమండల దగ్గర గుంపుగా కాట్లు ఉన్నాయా? పిల్లిని ఎత్తుకునే చేతి మీద, మెడ మీద అంచు లేచిన గుండ్రటి మచ్చ ఉందా? పాలిపోయిన మచ్చ కనిపిస్తే కళ్ళు మూసుకుని దూదితో తాకి చూసుకోవాలి. స్పర్శ తెలియకపోతే అది పిల్లి పని కాదు, కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్దాం, మందు ఉచితం, నయమవుతుంది.

7. ఎర్ర మచ్చల మీద గ్లాసును అదిమి చూద్దాం. ఎరుపు పోకుండా అలాగే ఉండి, జ్వరం కూడా ఉంటే నోటుబుక్కు పక్కన పడేసి ఆసుపత్రికి బయల్దేరాలి.

8. మచ్చ పక్కన రూపాయి బిళ్ళ పెట్టి దగ్గరనుంచి ఒకటి, దూరంనుంచి ఒకటి ఫొటో తీద్దాం. తేదీ రాద్దాం.

పొరపాట్లు

నేను చేసినదే ముందు చెబుతాను. మందుల షాపులో అడిగి తెచ్చిన ట్యూబు రాశాను. మూడు రోజుల్లో దురద పోయింది, మచ్చ పాలిపోయింది. నెలకు అదే మచ్చ అరచేయంత అయింది. అందులో స్టెరాయిడ్ ఉందట. అది దురదను అణిచి, తామరను లోపల్లోపల పాకనిస్తుంది. పైగా మచ్చ ఆకారం చెదిరిపోయి డాక్టరు కూడా వెంటనే పోల్చుకోలేకపోయారు.

కుక్కల పిడుదుల మందు పిల్లికి పొయ్యొద్దు. అందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లికి వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. గజ్జి కుక్కకు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసేవాళ్ళను ఇంకా చూస్తున్నాను. ఒళ్ళు కాలుతుంది, నాకితే కడుపులోకీ పోతుంది.

బొచ్చు మొలిచిందని తామర మందు మానేయడం మరో తప్పు. రాలిన వెంట్రుకల్లో తామర తెచ్చే బూజు నెలల తరబడి బతికే ఉంటుంది. పిల్లి పడుకునే గుడ్డను మన బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.