కూలి రేట్లు - ప్రమాద పరిహార బీమా

వరికోతలకు మునుపటివలె కూలీలు దొరకుట లేదని రైతులు చెప్పుచున్నారు. పడుచువారు పలువురు పట్నములలో కట్టుబడి పనులకు పోవుచున్నారు. అందువలన కూలి పెరిగినది. కొడవలి చేయు పనిని యంత్రము చేయుచున్నది. ఈ మార్పు రైతు సాగు ఖర్చునే గాక, పనిలో ప్రమాదము జరిగినచో అతడు ఇవ్వవలసిన పరిహారమును కూడ పెంచును. ఈ సంగతి పలువురు గమనించుట లేదు.

చట్టము: పనివారి పరిహారమునకు మన దేశములో 1923 లోనే చట్టము వచ్చినది. ఆ నియమములు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరి, 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినవి. ట్రాక్టరు సేద్యము, యంత్రములతో కోత నూర్పిళ్ళు, పురుగు మందులు చల్లుట దీని క్రిందకు వచ్చును. పని మూలమున, పనిలో ఉండగా ప్రమాదము జరిగి పనివాడు మరణించినచో, యజమాని తప్పు లేకున్నను పరిహారము ఇవ్వవలెను.

లెక్క: మరణమునకు నెల జీతములో సగమును, వయస్సునుబట్టి చట్టములో ఇచ్చిన అంకెతో హెచ్చించవలెను. 40 ఏండ్లవానికి ఆ అంకె 184.17. అట్టి ట్రాక్టరు డ్రైవరు జీతము 9,000 రూపాయలైనచో పరిహారము 8,28,765 రూపాయలు. జీతము 12,000 అయినచో 11,05,020. అనగా జీతము 3,000 పెరుగగా రైతు బాధ్యత 2,76,255 రూపాయలు పెరిగినది. బీమా లేనిచో చిన్న రైతు ఇందుకు పొలము అమ్ముకొనవలసి రావచ్చును.

బీమా: ప్రీమియమును సాధారణముగా పనివారి మొత్తము కూలినిబట్టి, పనిలోని ప్రమాదమునుబట్టి నిర్ణయింతురు. పాత కూలియే వ్రాయించినచో ప్రీమియము కొంత మిగులును. కాని ఆపద వచ్చిన నాడు కంపెనీ పూర్తిగా చెల్లించకపోవచ్చును. యంత్రము ఎరుగని కొత్తవారు పనిలోనికి వచ్చుటచే ప్రమాద భయము కూడ హెచ్చును.

రైతులు చేయవలసినవి:

1. ఏటా పాలసీ తిరిగి కట్టునపుడు నేటి కూలి, పనివారి సంఖ్య, పని రకము సరిగా వ్రాయించవలెను.

2. ట్రాక్టరు బీమా ఉన్నదని ఊరకుండరాదు. అందులో ఏ పనివారు చేరిరో చదివించుకొనవలెను.

3. కూలి చెల్లింపులకు పుస్తకము ఉంచవలెను.

4. మరణ పరిహారమును కుటుంబము చేతికి ఇవ్వక, చట్టము చెప్పిన అధికారి వద్ద జమ చేయవలెను.

5. నూర్పిడి యంత్రపు బెల్టుకు కప్పు వేయించి, కొత్తవానికి పని నేర్పిన పిమ్మటనే దగ్గరకు రానీయవలెను.

బీమా సొమ్ము ఇచ్చును గాని, పోయిన చేతిని తిరిగి ఇవ్వజాలదు.