ఘాట్ ఎక్కే పికప్‌కు ఎంత బలం కావాలి?

రాయ్‌పూర్ నుంచి జగ్‌దల్‌పూర్, సుక్మా, కొంటా మీదుగా భద్రాచలం వైపు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారిపై కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. పన్నెండు మలుపుల ఈ ఎక్కుడు దాటితేనే ఉత్తరం నుంచి వచ్చే బండి బస్తర్ పీఠభూమి మీదికి చేరుతుంది. చింతపండు, ఇప్పపూవు, సిమెంటు, సంత సరుకులు మోసే చిన్న పికప్‌లు ఇక్కడ పెద్ద లారీల వెనకే వరుస కడతాయి. ఒకే ఎక్కుడు మీద ఒక బండి సాఫీగా పోతుంది, మరొకటి పొగలు కక్కుతూ మొదటి గేరులోకి దిగిపోతుంది. తేడా అంతా హార్స్‌పవర్‌లోనే ఉందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే.

ఇంజను గురించి చెప్పే అంకెల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది టార్క్, అంటే తిప్పే బలం. బిగిసిన నట్టు పొట్టి స్పానరుకు లొంగకపోయినా పొడుగు స్పానరుకు లొంగుతుంది; చేతి బలం అదే, టార్క్ పెరిగింది. రెండోది పవర్, పాఠ్యపుస్తకాల మాటలో సామర్థ్యం. ఆ తిప్పే బలాన్ని ఎంత వేగంగా అందిస్తున్నదో ఇది చెబుతుంది. టార్క్‌ను తిరుగుడు వేగంతో హెచ్చవేస్తే పవర్ వస్తుంది. అందుకే తక్కువ టార్క్ ఉన్న ఇంజను కూడా జోరుగా తిరిగితే పెద్ద పవర్ అంకె చూపించగలదు.

పికప్‌లను లైట్ డ్యూటీ, హెవీ డ్యూటీ అని విడదీసే అలవాటు అమెరికాది. అక్కడి ఫోర్డ్ ఎఫ్-150 లైట్ డ్యూటీ బండి. దాని మూడున్నర లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను 400 హార్స్‌పవర్, సుమారు 680 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. అదే కంపెనీ హెవీ డ్యూటీ పికప్‌లోని 6.7 లీటర్ల డీజిల్ ఇంజను పవర్ 475. పెద్ద తేడా ఏమీ కాదు. టార్క్ మాత్రం సుమారు 1,420 న్యూటన్ మీటర్లు, రెట్టింపుకు పైగా! పెట్రోలు ఇంజను తన పూర్తి పవర్ చూపడానికి నిమిషానికి దాదాపు 6,000 చుట్లు తిరగాలి. డీజిల్‌కు 3,000 లోపే చాలు. గంటల తరబడి బరువు లాగాల్సిన బండికి ఆ నెమ్మదే ఆయుష్షు.

మన దేశంలో ఈ విభజన బండి మొత్తం బరువును బట్టి ఉంటుంది. సరుకుతో కలిపి మూడున్నర టన్నుల లోపు అయితే ఎన్1, అక్కడి నుంచి 12 టన్నుల వరకు ఎన్2. బస్తర్ సంతల్లో కనిపించే పికప్‌లు ఎక్కువగా మొదటి తరగతివే. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో రెండు సిలిండర్ల 16 హార్స్‌పవర్ ఇంజనుండేది. రెండున్నర లీటర్ల డీజిల్ పికప్‌లలో పవర్ 75, టార్క్ 200 చుట్టుపక్కల ఉంటుంది.

అలాంటి బండి ఒకదానితో లెక్క వేద్దాం. సరుకుతో మూడు టన్నులు. రోడ్డు ప్రతి 100 మీటర్లకు 7 మీటర్లు లేస్తోంది. భూమ్యాకర్షణ వెనక్కి లాగే బలం దాదాపు 2,060 న్యూటన్లు, టైర్ల నిరోధం మరో 440. మొత్తం 2,500. టైరు వ్యాసార్థం 35 సెంటీమీటర్లు అనుకుంటే చక్రాల దగ్గర 875 న్యూటన్ మీటర్లు కావాలి. ఇంజను ఇచ్చేది 200 మాత్రమే. మిగతాది గేర్లు సమకూర్చాలి. వెనక ఇరుసు మధ్యలోని క్రౌన్ పళ్లచక్రం దాన్ని నాలుగు రెట్లు చేస్తే, ఇంజనూ గేర్‌బాక్సూ సమానంగా తిరిగే గేరులో 800 వస్తుంది, చాలదు. 1.5 నిష్పత్తి ఉన్న మూడో గేరు వేస్తే 1,200. రాపిడి నష్టాలు పోయినా బండి ఎక్కుతుంది. గేరు ఎక్కడా పవర్‌ను పుట్టించదు. వేగాన్ని వదులుకుని బలాన్ని కొంటుంది, అంతే.

అసలు ప్రమాదం ఇక్కడే దాగి ఉంది. మొదటి గేరు నిష్పత్తి నాలుగు అనుకుంటే చక్రాల దగ్గరకు 3,200 న్యూటన్ మీటర్లు చేరతాయి. అంటే అదే బండి సరుకుతో కలిపి ఆరు టన్నులు తూగినా ఎక్కుడు మీద కదులుతుంది. కదిలింది కాబట్టి మోయగలదని డ్రైవరు, సరుకు యజమాని ఇద్దరూ నమ్ముతారు. కానీ ఇంజను లాగడం వేరు, మిగతా భాగాలు ఓర్చుకోవడం వేరు. ట్రాఫిక్ ఆగిన ఘాట్‌లో సగం నొక్కిన క్లచ్‌తో పదే పదే కదిలిస్తే దాని ప్లేటు కాలిన వాసన వస్తుంది. తేలిక పికప్‌లలో సాధారణంగా వాడే ఇరుసులో చక్రాన్ని తిప్పే షాఫ్టే బండి బరువునూ మోస్తుంది. బరువు బండ్లలో ఆ భారం బయటి గొట్టం మీద పడుతుంది, షాఫ్ట్ తిప్పడానికే పరిమితం. షాఫ్ట్ విరిగినా చక్రం ఊడిపోదు. హెవీ డ్యూటీ అనే మాటకు అర్థం వెతకాల్సింది బానెట్ కింద కంటే ఈ ఇరుసు, క్లచ్, బ్రేకుల్లోనే.

దిగేటప్పుడు లెక్క మరింత కఠినం. ఎక్కలేని బండి ఆగిపోతుంది, ఆగలేని బండి దిగిపోతూనే ఉంటుంది. అదే వాలు మీద మూడు టన్నుల బండి 200 మీటర్ల ఎత్తు దిగితే, టైర్ల నిరోధం పోను 40 లక్షల జౌళ్లకు పైగా శక్తిని ఎవరో ఒకరు మింగాలి. అంతా బ్రేకుల మీదే వేస్తే, 30 కిలోల ఇనుము ఉన్న డ్రమ్ములు, డిస్కులు 300 డిగ్రీలకు పైగా వేడెక్కుతాయి. గాలికి కొంత చల్లబడతాయి గానీ బరువు రెట్టింపైతే వేడీ రెట్టింపే. లైనింగ్ పట్టు సడలుతుంది. బ్రేకు ద్రవమూ మరుగుతుంది: డాట్ 3 రకానికి మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలు, తేమ పీల్చుకున్నాక 140కి పడిపోవచ్చు. ద్రవంలో ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు.

ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇందుకే. కింది గేరులో చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి, ఆ శ్రమలో శక్తి కొంత ఖర్చవుతుంది. పెద్ద ట్రక్కుల్లో పొగ గొట్టాన్ని మూసి ఈ పట్టును పెంచే ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటుంది. వాటి గాలి బ్రేకుల్లో మరిగే ద్రవమే ఉండదు. చిన్న పికప్‌కు సాధారణంగా ఈ రెండూ ఉండవు. న్యూట్రల్‌లో దించితే డీజిల్ మిగులుతుందనుకునేవారు ఉన్న ఒక్క ఆసరానూ వదులుకుంటున్నారు.

ఈ బండ్లలో సరుకుకు బదులు తరచూ మనుషులుంటారు. తునికాకు సేకరణకు, పెళ్లిళ్లకు, ఖమ్మం, భద్రాద్రి జిల్లాల మిరప కోతలకు బస్తర్ కూలీలు ఇలాగే ప్రయాణిస్తుంటారు. బస్తర్‌కు దూరంగా, అదే రాష్ట్రంలోని కవర్ధా జిల్లాలో 2024 మే 20న తునికాకు సేకరించి తిరిగివస్తున్నవారి పికప్ లోయలో పడి 19 మంది చనిపోయారు. మనిషికి 50 కిలోల చొప్పున 30 మంది అంటే టన్నున్నర. బరువు పరిమితి లోపే ఉండవచ్చు. కానీ నిలబడ్డ మనుషుల వల్ల బండి గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది, మలుపులో అందరూ ఒకేసారి ఒక పక్కకు ఒరుగుతారు. సరుకు బండ్లలో ఇలా మనుషులను ఎక్కించడం చట్టరీత్యానూ తప్పే.

ఏ పికప్ ఎంత మోయగలదో తెలుసుకోవడానికి హార్స్‌పవర్ అంకె పనికిరాదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఖాళీ బండి బరువు, సరుకుతో అనుమతించిన మొత్తం బరువు రెండూ ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది సరుకు, డ్రైవరు, పక్క సీటు మనిషి అందరికీ కలిపి ఉన్న వాటా.