ఎఫ్ అండ్ ఓ: సెబీ ఎక్కడిదాకా కాస్తుంది?

ప్ర: ఆప్షన్లలో పోయిన డబ్బు సెబీ ఇప్పిస్తుందా?

ఇప్పించదు. బ్రోకర్ మోసం చేస్తే అడుగుతుంది గానీ, మీ అంచనా తప్పితే నష్టం మీదే. 2024 సెప్టెంబరులో సెబీయే లెక్క తీసింది: అంతకు ముందరి మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ఎఫ్ అండ్ ఓ ట్రేడర్లలో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. టెలిగ్రామ్‌లో లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టే గురువులు ఈ లెక్క మాత్రం పెట్టరు.

ప్ర: లాట్ సైజు ఎందుకు పెంచారు?

ఎక్స్‌పైరీ రోజున ఆప్షన్ ప్రీమియం ఐదు, పది రూపాయలకు పడిపోతుంది. లాటరీ టికెట్టు కొన్నట్టు కొనేసేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే 2024 నవంబరు 20 నుంచి కొత్త ఇండెక్స్ కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలుండాలన్నారు. అప్పట్లో నిఫ్టీ లాట్ 25 నుంచి 75కు పెరిగింది. వీక్లీ ఎక్స్‌పైరీ ఒక్కో ఎక్స్ఛేంజికి ఒకే ఇండెక్స్‌పై ఉండాలన్నారు. ఎన్‌ఎస్‌ఈ నిఫ్టీని ఉంచుకుంది, బ్యాంక్ నిఫ్టీ వీక్లీ ఆగిపోయింది. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు దీంతో కొంత తగ్గొచ్చు. అప్పు తెచ్చి ఆడేవాడు తగ్గుతాడని మాత్రం నాకు నమ్మకం లేదు.

ప్ర: నిజామాబాద్ పసుపు ఫ్యూచర్స్‌కూ సెబీయేనా?

అవును. అంతకుముందు సరుకుల ఫ్యూచర్స్‌ను చూసుకున్న ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ 2015 సెప్టెంబరు 28న సెబీలో కలిసిపోయింది.

ప్ర: మార్జిన్ కోసం తనఖా పెట్టిన షేర్లను బ్రోకర్ వాడుకోవచ్చా?

కుదరదు. ఖాతాదారుల షేర్లను సొంతానికి వాడుకున్నారంటూ 2019 నవంబరులో హైదరాబాద్ బ్రోకర్ కార్వీపై సెబీ ఉత్తర్వు ఇచ్చింది. 2020 సెప్టెంబరు నుంచి షేర్లు మీ డీమ్యాట్‌లోనే ఉంటాయి, వాటిపై ప్లెడ్జ్ పడుతుంది. అదీ మీ ఫోనుకొచ్చిన ఓటీపీ మీరు కొడితేనే. ఎవరైనా ఫోన్ చేసి ఆ ఓటీపీ చెప్పమంటే చెప్పకండి. మార్జిన్ చాలకపోతే బ్రోకర్ మీ పొజిషన్ స్క్వేర్ ఆఫ్ చేయొచ్చు. దానిమీద గొడవపడి లాభం లేదు.

ప్ర: ఫిర్యాదు ఎలా?

ముందు బ్రోకర్‌కే మెయిల్ పెట్టండి. తేలకపోతే సెబీ ‘స్కోర్స్’లో నమోదు చేయండి. కాంట్రాక్ట్ నోట్లు, లెడ్జరు జతచేయండి, నోటిమాట నిలవదు. 21 రోజుల్లో జవాబు రావాలి. నచ్చకపోతే 15 రోజుల్లోగా రివ్యూ అడగాలి. చాలామంది ఈ గడువే దాటేస్తారు.

ప్ర: మా ఊళ్లో ఒకాయన మార్జిన్ లేకుండానే ఆడిస్తాడు. ఫర్వాలేదా?

అది డబ్బా ట్రేడింగ్, నేరం. మీ ఆర్డరు ఎక్స్ఛేంజి దాకా పోనే పోదు. గెలిచిన డబ్బు ఆయన ఎగ్గొట్టినా ఏ ఎక్స్ఛేంజీ మీ ఫిర్యాదు తీసుకోదు.